మెతుకు పట్టి చూసే ప్రశ్నలు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెలో ఉన్నదంతా నమిలి చూడరు. గరిటె కొసతో నాలుగు మెతుకులు తీసి, ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతారు. లోపల పలుకు తగిలితే ఇంకో పొంగు రానిస్తారు. మెదక్‌కు ఆ పేరు మెతుకు నుంచే వచ్చిందని చెబుతారు. మెతుకు దుర్గం, మెతుకు సీమ అన్న మాటలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మనిషిలోని పట్టుదలనో, చదువు మీది ఆపేక్షనో కొలవడానికి మనోవిజ్ఞానశాస్త్రం తయారు చేసుకున్న ప్రశ్నావళి చేసేదీ మెతుకు పట్టి చూడటమే. ఒక పిల్ల ఎందుకు చదువుతోందన్నది పెద్ద కుండ. పాతిక ముప్పై వాక్యాలు చదివించి, ఒక్కోదానికి ఔననో కాదనో టిక్కు పెట్టించి, ఆ కుండ సంగతి చెప్పేస్తారు. ఒకే భాషలో ఉన్నంతకాలం ఇందులోని చిక్కులు పెద్దగా బయటపడవు. ఎక్కడో కెనడాలో తయారైన ప్రశ్నావళిని మెదక్ పట్టణంలో పదో తరగతి పిల్లల చేతికి తెలుగులో ఇవ్వాలనుకున్నప్పుడు బయటపడతాయి. అక్కడ పలుకు తగిలితే బియ్యం ఉడకలేదనుకోవాలా, మన వేళ్లకే తేడా తెలియలేదనుకోవాలా? ఇటువంటి కొలమానాన్ని తెలుగులోకి తేవడం అనువాదకుడి పని అని మన దగ్గర ఇంకా అనుకుంటున్నారు. నిఘంటువు, ఆచార్యుడు, గణాంకశాస్త్రం అందరికీ అందులో చోటుంది కానీ, ఒక వాక్యం ఉండాలో పోవాలో తేల్చే అధికారం టిక్కు పెట్టే పిల్లది. ఆ పిల్లను చివర్లో, అదీ వీలైతే, అడగడం వల్లే మన లెక్కలు తప్పుతున్నాయని నా వాదన.

బాగా వాడుకలో ఉన్న కొలమానాన్నే ఒకదాన్ని తీసుకుందాం. రాబర్ట్ వాలరాండ్, ఆయన సహచరులు 1989లో కెనడాలో విద్యా ప్రేరణను కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. దాని మూలం ఫ్రెంచి. 1992లో దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఒట్టావా విశ్వవిద్యాలయంలో 745 మంది విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. అంటే ఇంగ్లీషు మూలమని మన పరిశోధకులు భక్తిగా చేతిలోకి తీసుకునే ప్రతి అప్పటికే ఒక అనువాదం. అందులో 28 వాక్యాలుంటాయి, నాలుగేసి చొప్పున ఏడు కట్టలు. ‘నువ్వు ఎందుకు చదువుతున్నావు?’ అన్న ఒక్క ప్రశ్నకు అవన్నీ జవాబులు. ప్రతి జవాబూ తనకు ఎంతవరకు వర్తిస్తుందో విద్యార్థి 1 నుంచి 7 దాకా అంకె వేసి చెప్పాలి. దీని వెనక ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ల స్వయం నిర్ణయ సిద్ధాంతం ఉంది. కొత్త సంగతి తెలుసుకోవడంలోని సంతోషం కోసమో, సాధించానన్న తృప్తి కోసమో, చదువుతుంటే ఒళ్లు మరిచిపోయే అనుభవం కోసమో చదివితే అది లోపలి ప్రేరణ. జీతం కోసం చదివితే బయటిది. ఈ రెంటి మధ్య మెట్లున్నాయి: నలుగురిలో తీసిపోకూడదని చదవడం, ఇది నా భవిష్యత్తుకు పనికొస్తుందని నాకు నేనే ఎంచుకుని చదవడం. ఇక ఏడో కట్ట, ఎందుకు వస్తున్నానో నాకే తెలియదనే స్థితి. ఉద్యోగం కోసం చదువు, జ్ఞానం కోసం చదువు అని మన ఉపన్యాసాల్లో వినిపించే మొరటు విభజన కంటే ఇది చాలా సూక్ష్మమైనది. అరువు తెచ్చుకోవడానికి తగిన సరుకే.

తీరా తెచ్చుకుంటే మొదటి మాటలోనే కాలు తట్టుకుంటుంది. ‘ప్రేరణ’ను తెలుగు అకాడమీ పుస్తకాలు, బీఈడీ గైడ్లు స్థిరపరిచాయి, పరీక్ష రాసేవాళ్లకు దానితో పేచీ లేదు. ఇంటికొచ్చే దినపత్రికలో మాత్రం ఆ మాట తరచు కనిపించేది నేరవార్తల్లో, ఆత్మహత్యకు ప్రేరేపించారన్న అభియోగంలో. వెనక ఉండి ఎగదోయడమన్న వాసన ఆ క్రియకు అంటుకుంది. ‘సవాలు’ ఇంకో రకం. కఠినమైన పనిని ఇష్టపడటాన్ని కొలిచే వాక్యాల్లో అది తప్పకుండా వస్తుంది. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. మెదక్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ముందు తోచేది అదే. తెలుగు టీవీ చూసే పిల్లలకు సవాలంటే నాయకులు ఒకరి మీద ఒకరు విసురుకునేది. ఇవైనా నయం. అసలు మెలిక ‘కష్టం’లో ఉంది. ఆ అమ్మాయి కష్టపడి చదివిందంటే మెచ్చుకోలు. లెక్కలు కష్టమంటే కొరుకుడుపడవని. ఆ ఇంటికి కష్టం వచ్చిందంటే మనిషి పోయాడనో, పంట పోయిందనో. ఇంగ్లీషులో ప్రయత్నానికి, ఇబ్బందికి, బాధకు వేరువేరు మాటలున్నాయి. తెలుగులో మూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. ‘కష్టమైన పని చేయడం నాకిష్టం’ అని ఒక వాక్యం రాశామనుకుందాం. రాసినాయన మనసులో ఉన్నది మెదడుకు పదును పెట్టే లెక్క. నాట్ల కాలంలో సెలవు రోజున తల్లితో పాటు పొలంలో వంగి నడుము పట్టేసిన పిల్లకు కళ్ల ముందు మెదిలేది బురద మడి. ఆమె ‘అస్సలు కాదు’ దగ్గర టిక్కు పెడుతుంది. కంప్యూటర్ ఆమెకు అన్నిటికన్నా తక్కువ అంకె వేసి, కఠినమైన పనులకు వెనకాడే రకమని తేలుస్తుంది. ఆ తరగతిలో అందరికన్నా కఠినమైన పని చేసి వచ్చిన పిల్ల ఆమే కావచ్చు.

గర్వం సంగతి మరీ విచిత్రం. తలెత్తుకు తిరగడం గర్వమే, కళ్లు నెత్తికెక్కడమూ గర్వమే. మంచి మార్కులొస్తే నీకు గర్వంగా ఉంటుందా అని అడిగితే ఒద్దికగా పెరిగిన పిల్ల లేదంటుంది. సంతోషం లేక కాదు, గర్విష్ఠి అనిపించుకోవడం ఇష్టం లేక. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసింది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ అదే పని చేసింది. తన బతుకు తన చేతిలో ఉందన్న నమ్మకాన్ని కొలిచే వాక్యాలు, తన ఇల్లు, బట్టల గురించి గర్వమో సిగ్గో అడిగే వాక్యాలు దాని ప్రశ్నావళిలో ఉన్నాయి. స్పానిష్‌లో, అమ్హారిక్‌లో, వియత్నామీలో, తెలుగులో ఆ గర్వానికి ఒకటే బరువు ఉంటుందని నేననుకోను. సిగ్గు మాత్రం ఒకటా? బడిలో చినుగు బట్టలకు పడేది ఒక సిగ్గు, కొత్త చుట్టాల ముందు పడేది ఒక సిగ్గు. మెదక్ వీధిలో మొదటిదానికి ‘శరమైతది’ అనే మాట సిద్ధంగా ఉంది, పరువుకు ‘ఇజ్జత్’ ఉంది. అయినా అచ్చయ్యే కాగితంలో ‘అవమానభారం’ అనో ‘ఆత్మన్యూనత’ అనో పడుతుంది. ఆ అధ్యయనంలో పిల్లలకు ఒక మాట వినిపించి నాలుగు బొమ్మల్లో సరైనదాన్ని చూపించమనే పీబాడీ పదపరీక్ష కూడా పెట్టారు. ఒక భాషలో పసిపిల్లలకు తెలిసిన మాట ఇంకో భాషలో పెద్దలకూ అరుదు కావచ్చు. అందుకే వచ్చిన మార్కులను ఒక భాషకూ ఇంకో భాషకూ మధ్య పోల్చవద్దని ఆ కొలమానాలను పరిశీలించిన నిపుణులే సూచించారు. వేలు పెట్టి చూపించగల బొమ్మలకే ఇంత జాగ్రత్త కావలసి వస్తే, చూపించడానికి వీల్లేని గర్వానికి ఎంత కావాలి?

వాక్యం దాటి జవాబు గడుల దగ్గరికి వస్తే అక్కడా ఇదే తంతు. ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కొంతమేరకు ఏకీభవిస్తున్నాను, తటస్థం’ అని అచ్చు వేస్తారు. ఏకీభవించడం శాసనసభ భాష. అమ్మతో ఎవరూ ఏకీభవించరు, అమ్మ చెప్పింది నిజమే అంటారు. మధ్య గడి ఇంకా జారుడు నేల. సగం ఔను సగం కాదు అనేవాళ్ల కోసం దాన్ని పెడతారు. మన దగ్గర అందులోకి ‘ఏమో’ వచ్చి కూర్చుంటుంది. తెలుగు ‘ఏమో’లో తెలియదు ఉంది, చెప్పడం ఇష్టం లేదు ఉంది, నన్నెందుకు అడుగుతున్నారు కూడా ఉంది. వాటన్నిటికీ కలిపి ఒకే అంకె పడుతుంది. ఇక గుడ్డిగా అన్నింటికీ ఔనని టిక్కు పెట్టేవాళ్లను పట్టుకోవడానికి కొన్ని వాక్యాలను తిప్పి రాస్తారు: ‘చదువు నాకు పనికిరాదని నాకు అనిపించదు’ లాంటివి. తెలుగులో ‘నువ్వు రాలేదా?’ అంటే ‘ఊఁ, రాలేదు’ అంటాం. అడిగినవాడి కాదుకు మనం ఔనంటాం. ఈ అలవాటున్న నోటికి వ్యతిరేక వాక్యం, దాని ఎదురుగా ఔను–కాదు గడులు ఇస్తే, పిల్ల చెప్పదలచుకున్నది ఏ గడిలో పడుతుందో దేవుడికే తెలియాలి. మాయ టిక్కులను పట్టడానికి వేసిన వలలో నిజాయితీగా చదివినవాళ్లే ఎక్కువ చిక్కుకుంటారు. మనం, మేము అన్న తేడా ఇంగ్లీషులో లేనే లేదు. ‘మన బడి’ అని రాస్తే ప్రశ్న అడిగిన పెద్దాయన కూడా ఆ బడిలో చేరిపోతాడు, ‘మా బడి’ అని రాస్తే బయటే నిలబడతాడు. ఆయన ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి పిల్ల జవాబు మారుతుంది.

వీటికి లోకమంతా వాడే మందు తిరుగు అనువాదం. ఒకరు ఇంగ్లీషును తెలుగు చేస్తారు. మూలం చూడని మరొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి, సరిపోతే ముద్ర వేస్తారు. ఈ పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ రాసిన పరిశోధన వ్యాసం స్థిరపరిచింది. ఇందులోని లొసుగును కూడా ఆయనే చెప్పాడు: రెండు భాషలూ బాగా వచ్చినవాడు అధ్వాన్నమైన అనువాదం నుంచి కూడా మూలాన్ని ఊహించి పట్టేయగలడు, వాక్యం మూలభాష కట్టుబడిలోనే ఉంటే ఆ పని మరీ సులువు. తెలుగు విషయంలో ఇది అక్షరాలా జరుగుతుంది. ‘నూతన విషయ పరిజ్ఞానమును ఆర్జించుటలో గల ఆనందానుభూతి నిమిత్తము’ అని రాయండి. తిరుగు అనువాదకుడికి అది పూసగుచ్చినట్టు ఇంగ్లీషులోకి వస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నది ఇంగ్లీషే. ‘కొత్తది తెలుసుకుంటుంటే మంచిగనిపిస్తది, అందుకు’ అని రాస్తే అదే అనువాదకుడు తడుముకుంటాడు, రెండు ఇంగ్లీషులూ సరిపోవు, వాక్యం పరీక్ష తప్పుతుంది. ఆ పద్ధతిని గుడ్డిగా నమ్మితే నెగ్గేది పిల్లకు అర్థం కాని వాక్యం, ఓడేది అర్థమైన వాక్యం. పరీక్ష రాసింది కూడా పిల్ల కాదు, ఇద్దరు అనువాదకులు.

తిరుగు అనువాదం లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు కదా అనవచ్చు. నిజమే, ఒక వాక్యం ఎగిరిపోయినా, ఔను కాస్తా కాదైపోయినా అది పట్టుకుంటుంది. ఆ మేరకు ఉండాల్సిందే. కాపలా కుక్క పనికొస్తుంది, దాన్ని వంటకు పెట్టకూడదు. వంటకు మనకు వేరే పెద్దలున్నారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే అందరికీ తెలుసు. సవరల దగ్గర కూర్చుని, వాళ్ల నోట విని, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేసిన పని మన విషయానికి ఇంకా దగ్గరిది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. నాగలి భాగాలకు పేర్లు పండితుణ్ణి అడగలేదు, రైతును అడిగారు. నాగలి విషయంలో అరవై ఏళ్ల కిందటే ఒప్పుకున్న సూత్రాన్ని మనసు విషయంలో ఎందుకు ఒప్పుకోరు? బహుశా నాగలికి సరైన పేరు రైతుకే తెలుసని ఒప్పుకోవడం తేలిక, మనసు గురించి సరైన మాట పదో తరగతి పిల్లకు తెలుసని ఒప్పుకోవడం డిగ్రీలున్నవాళ్లకు కొంచెం కష్టం. ఇక్కడ కష్టమంటే మూడో రకం.

ఈ వినే పనికి శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. వాక్యాన్ని పిల్ల ముందు పెట్టి, బయటికి చదివించి, ఇందులో ఏమడిగారో నీ మాటల్లో చెప్పమంటారు; ఏ గడిలో టిక్కు పెట్టింది, అప్పుడు ఏ సంగతి గుర్తొచ్చింది అని అడుగుతారు. ‘నా నైపుణ్యాలను మెరుగుపరచుకోవడానికి చదువుతున్నాను’ అన్న వాక్యం ఇచ్చామనుకోండి. ‘నైపుణ్యాలంటే గీ కుట్టుమిషన్ నేర్సుకునుడు, కంప్యూటర్ నేర్సుకునుడు, గవేనా సార్?’ అని ఒకరు అడగవచ్చు. ఆ ఒక్క మాటతో ఆ వాక్యం చదువును కొలవడం మానేసి శిక్షణ కేంద్రాన్ని కొలుస్తోందని తెలిసిపోతుంది. ఇంకొకరు గడగడా చదివేసి, ‘సమజ్ గాలె గని ఔనని పెట్టిన’ అంటారు. అదీ విలువైన సమాచారమే. ఇట్లా పది పదిహేను మందితో ఓపికగా కూర్చుంటే బయటపడే తప్పులు వెయ్యి మంది నింపిన కాగితాల కట్టలో కనబడవు. పెద్ద పరిశోధనలకు డబ్బు దొరుకుతుంది, ఈ నాలుగు రోజుల కూర్చోవడానికి దొరకదు. దాన్ని ఎవరూ ఫలితంగా లెక్కపెట్టరు.

మాటలన్నీ సరిచేసుకున్నాక కూడా ఒక లోతైన చిక్కు మిగులుతుంది. దాన్ని చూడటానికి కాకినాడ వెళ్లాలి. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను 52 మందిని హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని సియెట్‌కు, అంటే నేటి ని-ఎంఎస్ఎంఈ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపనను పెంచే శిక్షణ ఇచ్చింది. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను చూశారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌క్లెలాండ్ 1969లో ప్రచురించిన పుస్తకం ప్రకారం శిక్షణ పొందినవాళ్లు తర్వాత మరింత చురుగ్గా వ్యాపారం చేశారు, కొత్త పెట్టుబడులు పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. విశేషమేమిటంటే మెక్‌క్లెలాండ్‌కు ప్రశ్నావళి మీద నమ్మకం లేదు. నీకెంత తపన ఉందని మనిషిని సూటిగా అడిగితే వచ్చేది తన గురించి తాను చెప్పుకునే మాట మాత్రమేనని, బొమ్మ చూపించి కథ రాయిస్తే ఆ కథలో అసలు తపన దొరుకుతుందని ఆయన వాదం. ఈ రెండు కొలతలూ ఒకదానితో ఒకటి పెద్దగా కలవవని 1989లో సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో చూపాడు. బొమ్మలైతే భాష గొడవ ఉండదని సంబరపడటానికీ లేదు. ఇలా బొమ్మ చూపి కథ అడిగే పరీక్షలోని అమెరికన్ బొమ్మల్లో మనుషులు, ఇళ్లు, దుస్తులు మనవి కావని ఉమా చౌధురి 1960లో భారతీయ రూపం తయారు చేయవలసి వచ్చింది. బొమ్మకూ యాస ఉంటుంది.

కాకినాడ ప్రాజెక్టులో పాలుపంచుకున్న ఉదయ్ పరీక్ 1968లో ఒక అడుగు ముందుకు వేశాడు. తనకంటూ సాధించాలన్న తపన ఒక్కటే అభివృద్ధికి చాలదని, నలుగురికీ చేయాలన్న, తనను మించిన పెద్ద లక్ష్యానికి పూనుకోవాలన్న తపన కూడా కావాలని, ఈ రెంటినీ గుణించి అందులోంచి ఇతరుల మీద ఆధారపడే ధోరణిని తీసేస్తే అభివృద్ధి లెక్క తేలుతుందని ఒక సూత్రం రాశాడు. గుణకారం ఎందుకంటే రెంటిలో ఏది సున్నా అయినా ఆ లబ్ధం సున్నా అవుతుంది. సూత్రం గణితంగా ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. అమెరికాలో గీసిన గీతలో ఒక ముక్క తక్కువైందని ఇక్కడి మనిషి గుర్తుపట్టడం ముఖ్యం. 1986లో రేఖా అగర్వాల్, గిరీశ్వర్ మిశ్ర చేసిన అధ్యయనంలోనూ సాధించడమంటే ఏమిటన్నదానికి భారతీయ విద్యార్థుల జవాబుల్లో మంచి మనిషి కావడం, బాధ్యతలు తీర్చడం చోటు చేసుకున్నాయి. జోన్ మిల్లర్ బృందం 2011లో మరో సూక్ష్మాన్ని చూపింది. సాయం చేయాలని సమాజం గట్టిగా ఆశించే సందర్భంలో అమెరికన్లకు ఆ పని తమ ఇష్టంతో చేసినట్టు అనిపించడం తగ్గింది, భారతీయులకు తగ్గలేదు. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో అచ్చువేసిన ప్రయోగాల్లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల ఆసియా సంతతి పిల్లలు అమ్మ ఎంచిపెట్టిందన్న పనిని, తాము స్వయంగా ఎంచుకున్నదానికన్నా ఇష్టంగా చేశారు. తెల్ల పిల్లలు అందుకు తలకిందులు.

ఇప్పుడు మెదక్ పిల్ల కాగితంలో ‘అమ్మానాన్నల కోసం చదువుతున్నాను’ అన్న వాక్యాన్ని చూద్దాం. ఇలాంటి ప్రశ్నావళుల లెక్కలో అది బయటి ప్రేరణ. ఎవరో ఒత్తిడి పెట్టారు, పిల్ల తలవంచింది. ‘మా నాయిన లారీ మీద పోయి వారానికోపాలి వస్తడు, నేను సదువుకుంటె గాయనకు ఆసరైతది’ అనే పిల్ల ఎవరికి తలవంచింది? అది ఆమె సొంత కోరిక. ఆమెకు నాన్న బయటివాడు కాదు. అదే తరగతిలో మరో పిల్ల అదే గడిలో అదే అంకె వేసి, ‘సదవకుంటె కొడ్తరు’ అనవచ్చు. రెండు టిక్కులూ కంప్యూటర్‌కు ఒకటే. కనుక ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో రెండు చేయాలి: ఇంట్లో వాళ్లు కోప్పడతారని చదవడం ఒకటి, ఇంట్లో వాళ్లకు ఆసరా కావాలని నాకే అనిపించి చదవడం ఇంకొకటి. మూలంలో లేని వాక్యాన్ని చేర్చడానికి అనువాదకుడికి హక్కు లేదు. ఈ పనిని అనువాదం అనకూడదని నేనంటున్నది ఇందుకే. అంతర్జాతీయ పరీక్షల సంఘం 2017లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాలు కూడా మాటల మార్పిడితో సరిపెట్టవద్దని, కొలుస్తున్న భావం ఆ సమాజంలో ఉందో లేదో, ఉంటే ఏ రూపంలో ఉందో ముందు తేల్చుకోమని చెబుతున్నాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. ఒట్టావాలో 28 వాక్యాలు, మెదక్‌లో 31 అయితే ఇక పోల్చడం ఎట్లా? ప్రతి ఊరూ తన కొలత తానే తయారు చేసుకుంటే శాస్త్రం ఏం మిగిలింది? మన పాత కొలతలే దీనికి జవాబు చెబుతాయి. సోల, తవ్వ, మానిక అన్న పేర్లు ఊరూరా ఉండేవి, పరిమాణం మాత్రం ఊరూరా ఒకటి కాదు. రెండు ఊళ్ల వడ్లను పోల్చాలంటే రెండింటినీ మానిక అంటారు కదా అని సరిపెట్టుకుంటే నష్టపోయేది రైతు. ఒక ఊరి మానికలో పట్టిన గింజలను రెండో ఊరి మానికలో పోసి చూడాలి. గణాంకశాస్త్రంలో కొలమాన సమానత్వ పరీక్ష అనేది ఇదే: ఒకే స్థాయి ప్రేరణ ఉన్న ఇద్దరు, ఒకరు ఫ్రెంచిలో మరొకరు తెలుగులో, ఒక వాక్యానికి ఒకే అంకె వేస్తున్నారా లేదా అని వాక్యం తర్వాత వాక్యం చూడటం. నిలబడిన వాక్యాలు పది ఉంటే ఆ పదింటితో పోల్చవచ్చు, మిగిలినవి మెదక్ అవసరాలకు ఉంటాయి. ఈ పరీక్ష చేయకుండా 28కి 28 ఉంచి సగటులు పోల్చడం మానిక పేరు చూసి వడ్లు కొనడమే. అయినా ఎంతసేపూ ఒట్టావాతో పోల్చాలన్న తాపత్రయం దేనికి? మెదక్‌లో పిల్లలు బడి మానేయకుండా చూడాలనుకునే ఉపాధ్యాయుడికి కెనడా సగటుతో పని లేదు.

తెలుగులో వచ్చే పరిశోధన పత్రాలు తరచు ఇంకో అంకెను చూపి సరిపెట్టుకుంటాయి: క్రాన్‌బాక్ ఆల్ఫా. లీ క్రాన్‌బాక్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన ఈ అంకె, ఒక కట్టలోని వాక్యాలకు వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెబుతుంది. వాలరాండ్ ఇంగ్లీషు రూపంలో ఏడు కట్టల సగటు 0.81 వచ్చింది, మంచి అంకె. కానీ నాలుగు మెతుకులూ ఒకే తీరుగా ఉన్నాయన్నంత మాత్రాన అన్నం ఉడికినట్టు కాదు, నాలుగూ పలుకులే కావచ్చు. ఒకే సంగతిని నాలుగు పర్యాయపదాలతో నాలుగుసార్లు అడిగితే ఆల్ఫా ఇట్టే పెరుగుతుంది. పర్యాయపదాలకు సంస్కృతం ఉన్న భాషలో అది మరీ సులభం.

బడులే ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుతుంటే ఈ తెలుగు యాతన ఎందుకు, ఇంగ్లీషు కాగితమే ఇచ్చేయవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. 2022 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఆ రెండు పేజీలు పక్కపక్కన ఉండటమే జవాబు: పాఠానికే తెలుగు ఆసరా కావలసిన పిల్ల తన మనసు గురించి ఇంగ్లీషులో చెబితే మనం కొలిచేది ఆమె ఇంగ్లీషును. తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలకు తెలుగే రెండో భాష. వాళ్ల సంగతి వచ్చేసరికి ఇంతవరకు తెలుగు తరఫున చెప్పినదంతా తెలుగు మీదికే తిరుగుతుంది, తిరగాలి కూడా. ఇంట్లో లంబాడాల గోర్ బోలీ మాట్లాడే పిల్లకు మన ‘ఆసరా’ ఎంతవరకు అందుతుందో ఆమెనే అడగాలి. ఒక పట్టణంలో ఇన్ని కాగితాలా అంటే, కాగితాలు ఇన్ని అక్కర్లేదు, అడగడం మాత్రం అన్ని ఇళ్లలోనూ జరగాలి.

అడగడం మానేసి చేతలు చూస్తే సరిపోదా అన్నది చివరి అభ్యంతరం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా. దాని వెనక మన నేల మీద దొరికిన సాక్ష్యమే ఉంది. అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనల్లో భాగంగా హాన్స్ బిన్స్‌వాంగర్ మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లలో, మహారాష్ట్ర ఊళ్లలో 240 కుటుంబాల రైతులు నష్టభయాన్ని ఎట్లా చూస్తారో రెండు విధాలుగా కొలిచి, ఫలితాలు 1980లో ప్రచురించాడు. ఒకటి కూర్చోబెట్టి ప్రశ్నలడగడం. రెండోది నిజమైన డబ్బుతో పందెం ఆడించడం, కూలివాడి నెల సంపాదనను మించిన పందెం దాకా. రెండు ఫలితాలూ ఎక్కడా పొసగలేదు, పైగా ప్రశ్నల జవాబులు అడిగిన మనిషిని బట్టి మారాయి. ప్రశ్నావళి పక్షాన మాట్లాడేవాళ్లెవరూ దీన్ని దాటి పోకూడదు. అయితే బడికి రోజూ వచ్చే ఇద్దరు పిల్లల హాజరు ఒకటే. ఒకరు నాన్నకు ఆసరా కావాలని వస్తారు, ఒకరు దెబ్బల భయానికి. పరీక్షలు అయిపోయిన మర్నాడు ఇద్దరి దారులూ విడిపోతాయి. అంతకుముందే ఆ తేడా తెలియాలంటే అడగక తప్పదు. అడిగేదాన్ని చేతలతో సరిచూసుకోవాలి, ఎవరు అడుగుతున్నారో రాసిపెట్టుకోవాలి, మార్కులు వేసే మాస్టారే ఆ కాగితాలు పంచితే ఔనులు పెరుగుతాయని తెలిసి ఉండాలి.

ఇవన్నీ చేసి అచ్చుకు పంపే కాగితం ఎట్లా ఉండాలో ఊహించడం కష్టమేమీ కాదు. పైన ‘ప్రేరణ’ అన్న మాట ఉండదు, ‘నువ్వెందుకు చదువుతున్నవ్?’ అని ఉంటుంది. ఏడు గడుల బదులు ఐదు ఉంటాయి: అస్సలు కాదు, కొంచెం, సగం సగం, చాలావరకు, ముమ్మాటికీ. ‘ఏమో’కు పక్కన విడిగా ఒక గడి ఉంటుంది, దానికి అంకె ఉండదు. కాదుతో ముగిసే వాక్యాలు ఉండవు. ఇంట్లో వాళ్ల గురించి ఒకటికి రెండు వాక్యాలుంటాయి. అట్టడుగున సంతకానికీ తేదీకీ పైన రెండు గీతలు ఖాళీగా వదిలి, వాటి మీద చిన్న అక్షరాల్లో ఒక ప్రశ్న: ‘ఇందులో నీకు సమజ్ కాని మాట ఏది?’